మిగిలిన అన్నానికి మర్యాద

ఫ్రైడ్ రైస్ ఎలా చెయ్యాలి అని నలుగురు తెలుగువాళ్లు కూర్చున్నచోట అడిగి చూడండి. సోయా సాస్ లేకుండా ఫ్రైడ్ రైస్ ఏమిటంటారొకరు. ఆ వాసన మా ఇంట్లో ఎవరికీ పడదు, మిరియాల పొడి చాలంటారు ఇంకొకరు. బాస్మతి అయితేనే పలుకుగా వస్తుందని ఒకరి మాట, సోనా మసూరితో చేసుకుంటేనే కడుపు నిండినట్టుంటుందని మరొకరి మాట. అల్లం వెల్లుల్లి ముద్ద వెయ్యాలా, వెల్లుల్లి సన్నగా తరిగి వెయ్యాలా? గుడ్డు ముందే పొరటు చేసి పక్కన పెట్టుకోవాలా, అన్నం పక్కనే మూకుట్లో కొట్టాలా? గరం మసాలా వెయ్యొచ్చా? ఎవరి పట్టు వాళ్లది. సాంబారులో బెల్లం వెయ్యాలా వద్దా అన్న తగువు తర్వాత మన వంటిళ్లలో ఇంత పట్టుదలగా సాగే తగువు ఇదేనేమో.

ఇన్ని ప్రశ్నల మధ్య ఒక ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. ఆ అన్నం ఎప్పటిది? నాకు మిగతా అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. అన్నం తినే దేశాలన్నిటా ఈ వంట నిన్నటి అన్నంతోనే నిలిచింది. చైనాలో రాత్రి మిగిలిన అన్నాన్ని గుడ్డుతో, ఉల్లికాడలతో వేపుకుంటారు. ఇండోనేషియాలో తియ్యటి సోయా సాస్ పోసి నాసి గోరెంగ్ చేసుకుని పొద్దున్నే తింటారు. మహారాష్ట్రలో ఫోడణీచా భాత్, గుజరాత్‌లో వఘారేలో భాత్, తమిళనాట తాళిచ్చ సాదం. మన దగ్గర ఒకచోట పోపన్నం, ఒకచోట తాలింపన్నం, ఇంకోచోట తిరగమోత అన్నం. రాయలసీమలో నిమ్మకాయ పిండి చిత్రాన్నం చేస్తారు. ఊరు మారితే పేరు మారుతుంది, చేసిన కారణం మారదు. గిన్నెలో అన్నం మిగిలింది, పారబొయ్యడానికి మనసొప్పలేదు.

మా అమ్మ పోపన్నం చేస్తుంటే పక్కన నిలబడి చూడటం నాకిప్పటికీ ఇష్టం. రాత్రి మిగిలిన అన్నం పొద్దునకి గిన్నె ఆకారంలో గట్టిపడి ఉంటుంది. దాన్ని వెడల్పాటి పళ్లెంలోకి బోర్లించి, పైన రెండు చెంచాల నూనె, చిటికెడు పసుపు, ఉప్పు చల్లి, చెయ్యి తడి చేసుకుని వేళ్ల కొసలతో విడదీస్తుంది. "గరిటెతో పొడవకు, మెతుకు విరిగిపోతుంది" అంటుంది. ఉప్పూ పసుపూ ముందే కలపడానికీ కారణముంది. మూకుట్లో పడ్డాక చల్లితే ఒక ముద్ద ఉప్పన, ఇంకో ముద్ద చప్పన. పళ్లెంలో చేత్తో కలిపితే ప్రతి మెతుక్కీ అందుతుంది.

తర్వాత పోపు. ముందు వేరుశనగ గుళ్లు వేపి పక్కన పెట్టుకుంటుంది. అదే నూనెలో శనగపప్పు వేస్తుంది, అది వేగడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి. అది రంగు తిరిగే వేళకి మినప్పప్పు, ఆ వెనకే ఆవాలు. ఆవాలు చిటపటమన్నాక జీలకర్ర, తుంచిన ఎండుమిరపకాయలు, ఇంగువ. చివర్న కరివేపాకు, పచ్చిమిరపకాయ చీలికలు, ఉల్లిపాయ ముక్కలు. ఒక్కోదానికి వేగే సమయం ఒక్కోరకం. అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే శనగపప్పు పచ్చిగానే ఉంటుంది, జీలకర్ర మాడిపోతుంది. ఉల్లిపాయ మెత్తబడ్డాక అన్నం వేసి, మంట తగ్గించి, కింద నుంచి పైకి నాలుగుసార్లు తిప్పి, కాసేపు కదపకుండా వదిలేస్తుంది. అడుగున సన్నటి పొర కట్టి ఎర్రగా వేగుతుంది. మా పిల్లల గొడవంతా ఆ అడుగు పొర కోసమే. పొయ్యి కట్టేశాక గానీ నిమ్మకాయ పిండదు, మంట మీద పిండితే చేదెక్కుతుందని.

ఇందులో ఎక్కడా పెద్ద మంట లేదు, కొన్న సీసాలు లేవు. అయినా ఆ అన్నానికి నిన్న రాత్రి లేని రుచి వచ్చింది. అందులో సగం అమ్మ చేతిది. మిగతా సగం రాత్రి అమ్మ నిద్రపోతున్నప్పుడు గిన్నెలో జరిగిన పని.

బియ్యం ఉడికేటప్పుడు అందులోని పిండి నీళ్లు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. వేడి అన్నం చేతికి అంటుకునేది అందుకే. చల్లారేకొద్దీ ఆ పిండిలో అమైలోజ్ అనే భాగం మళ్లీ ఒద్దికగా సర్దుకుని గట్టిపడుతుంది. మెతుకు పైన ఉన్న తడి కూడా ఆరుతుంది. పొద్దునకి మెతుకు దేనికది నిలబడుతుంది, నూనెలో పడ్డా ముద్దవదు, విరగదు. వేడి అన్నాన్ని తిన్నగా తెచ్చి మూకుట్లో వేస్తే ఆవిరి పట్టి, ఒకదానికొకటి అతుక్కుని మెత్తని ముద్దవుతుంది. అమైలోజ్ ఎక్కువున్న బియ్యం పొడిపొడిగా వస్తుంది, తక్కువున్న బియ్యం అంటుకుంటుంది. బాస్మతికి వచ్చిన పేరుకి పొడవు ఒక కారణమైతే ఈ పొడితనం ఇంకో కారణం. బియ్యం కొట్టుకెళ్లి "పాతవేనా?" అని మన పెద్దవాళ్లు గుచ్చిగుచ్చి అడిగేదీ ఇందుకే. నిలవున్న బియ్యం నీళ్లు ఎక్కువ తాగుతాయి, అన్నం జిగురు లేకుండా వస్తుంది.

పులిహోర చేసే పద్ధతిలో ఈ తెలివంతా ఉంది. పులిహోరకి అన్నం వేడిదే, అప్పుడే వండినదే. కానీ దాన్ని గిన్నెలో ఉంచి కలపరు. పెద్ద పళ్లెంలోనో బేసిన్‌లోనో పలచగా పరిచి, పసుపూ నూనే వేసి, పచ్చి కరివేపాకు వేసి ఆరనిస్తారు. ఆవిరి పోయి, మెతుకు బిగిశాకే చింతపండు గుజ్జు కలుస్తుంది. ఫ్రైడ్ రైస్ చేసేవాళ్లు ఇప్పుడు అన్నాన్ని ఫ్యాను కింద పరిచి చల్లార్చుకోమని చెబుతుంటే కొత్త చిట్కాలా వింటాం. మన పెళ్లిళ్ల వంటవాళ్లు, గుళ్లలో ప్రసాదం చేసేవాళ్లు తరతరాలుగా చేస్తున్నదదే. సన్న బియ్యానికి అలవాటుపడ్డ మన ఇళ్లలో ఇది మరీ బాగా కుదురుతుంది. 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి బయటికొచ్చిన బీపీటీ 5204, అదే సాంబా మసూరి, వేడిగా తింటే మెత్తగా ఉంటుంది, రాత్రి గడిస్తే పోపుకి సరిపడా బిగుస్తుంది. ఆ బియ్యం ఇంట్లో ఉండగా పోపన్నానికి వేరే బియ్యం వెతుక్కోనక్కర్లేదు.

ఇక చైనా పద్ధతి. అక్కడ అన్నానికి రుచి తెచ్చేది ముఖ్యంగా మంట. పలచటి ఇనుప బాణలి పొగలు కక్కేదాకా కాలుతుంది. అన్నం పడీపడగానే తడి ఎగిరిపోతుంది, అంచులు కాస్త కాలి కమ్మటి పొగ వాసన పడుతుంది. కాంటన్ ప్రాంతపు వంటవాళ్లు ఒక వంటవాడి చేతిని కొలిచేది ఆ వాసనతోనే. మరి అంత మంట మీద అన్నం మాడదేం? 2020లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు, చైనా వంటకాలు చేసే హోటళ్ల వంటవాళ్లు అన్నం ఎగరేసే తీరుని వీడియోలు తీసి లెక్కగట్టారు. ఒక్కో ఎగరవేతకి సెకనులో మూడో వంతు పడుతుందని తేలింది. బాణలి పొయ్యి అంచు మీద ఊగుతూ ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది. మెతుకు గాల్లోకి లేచి కాస్త చల్లబడి, మళ్లీ కాలే ఇనుము మీద పడుతుంది. రోజంతా ఆ ఊపుతో పనిచేసే వంటవాళ్లకి భుజాల నొప్పులు రావడం మామూలు. ఒక పళ్లెం అన్నం వెనక అంత శరీర శ్రమ ఉంది.

ఆ శ్రమని చూడటానికి చైనా దాకా పోనక్కర్లేదు. మన ఏ ఊళ్లోనైనా సాయంత్రం ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. ముందు గుడ్ల అట్టలు ఒకదాని మీద ఒకటి. బేసిన్లలో సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, బీన్స్. పెద్ద గిన్నెలో గుట్టగా అన్నం, మధ్యాహ్నమే కాస్త పలుకుండగా దించి ఆరబోసినది. కింద పొయ్యి హోరుమంటుంటుంది. బండి అతను నూనె పోసి, ఒంటి చేత్తో గుడ్లు కొట్టి, గరిటెతో చెదరగొట్టి, కూరగాయ ముక్కలు వేసి, ఆ వెంటనే అన్నం వేస్తాడు. డబ్బాల వైపు చూడకుండానే ఉప్పు, మిరియాల పొడి, మసాలా, టేస్టింగ్ సాల్ట్ చిటికెలు చిటికెలుగా పడతాయి. మూతకి చిల్లు పెట్టిన సీసాలోంచి సోయా సాస్ ఒక చిమ్ము, వెనిగర్ ఒక చిమ్ము. ఇనుప గరిటె బాణలికి తగిలే చప్పుడు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. "అన్నా, కారం ఎక్కువెయ్యనా?" అని అడుగుతూనే పళ్లెంలో పోసి, పక్కన పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క పెట్టి ఇచ్చేస్తాడు.

ఈ బండి వంట అటు చైనాదీ కాదు, ఇటు పోపన్నమూ కాదు. కలకత్తాలో స్థిరపడ్డ చైనా కుటుంబాలు మన నాలుకకి తగ్గట్టు కారం, వెల్లుల్లి, పచ్చిమిరప పెంచి ఒక కొత్త వంట తయారుచేశాయి. అది హోటళ్ల మీదుగా ఊరూరికీ చేరి, మన వీధుల్లో ఇంకాస్త మసాలా పట్టించుకుంది. దాన్ని నకిలీ అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించలేను. తక్కువ ధరకి, వేడివేడిగా, కళ్లముందు వండి పెట్టే అన్నం అది. హాస్టళ్లలో ఉండి చదువుకున్న ఎంతోమందికి రాత్రి భోజనం అదే. మంటనీ చల్లారిన అన్నాన్నీ నమ్ముకున్న పద్ధతి కాబట్టి దాని పునాది సరైనదే.

చిక్కంతా ఆ బండి రుచిని ఇంటి పొయ్యి మీద తేవాలనుకున్నప్పుడు మొదలవుతుంది. ఇంటి గ్యాసు పొయ్యి మంట బండి మంటలో ఏ కాస్తో ఉంటుంది. దాని మీద నలుగురికి సరిపడా అన్నం, గిన్నెడు కూరగాయలు ఒక్కసారే వేస్తే మూకుడు చల్లబడుతుంది. క్యాబేజీ నీరొదులుతుంది, వేగాల్సిన అన్నం ఉడకడం మొదలుపెడుతుంది. రుచి రాలేదని ఇంకాస్త సోయా సాస్ పోస్తాం, అది ఇంకా తడవుతుంది. ఇంటి పొయ్యి మీద అలాంటి అన్నం కావాలంటే ఒక్కొక్కరికి సరిపడా విడివిడిగా వేపుకోవాలి, మూకుట్లో చోటుండాలి. కూరగాయలు ముందు వేపి, తీసి పక్కన పెట్టి, చివర్లో కలపాలి. అంత ఓపికుంటే బాగానే వస్తుంది.

పోపు దారి వేరు. ఆవాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకుల పరిమళం నూనెలో బాగా కరుగుతుంది. ఆ నూనె మెతుకు మెతుకుకీ పట్టి పరిమళాన్ని మోసుకెళ్తుంది. దానికి హోరుమనే మంట అక్కర్లేదు సరికదా, మంట పెరిగితే పోపు మాడి చేదవుతుంది. మన మందపాటి మూకుడు, మన చిన్న పొయ్యి, ఇల్లంతా పొగ కమ్మకూడదనే జాగ్రత్త, వీటన్నిటికీ సరిగ్గా సరిపోయిన పద్ధతి అది. పోపన్నాన్ని సోయా సాస్ దొరకని రోజుల ఫ్రైడ్ రైస్‌లా చూసేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు. చైనా వంటవాడు మంటతో చేసే పనిని మన వంటిల్లు నూనెతో, వరసతో, నిదానంతో చేస్తుంది. రెండిటికీ సమాన గౌరవం ఉండాలి.

2020 జులైలో లోకమంతా ఫ్రైడ్ రైస్ గురించి మాట్లాడుకుంది. బీబీసీ ఫుడ్ కోసం హెర్షా పటేల్ ఎగ్ ఫ్రైడ్ రైస్ చేసి చూపిస్తూ, అన్నాన్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి, చిల్లుల గిన్నెలో వార్చి, కుళాయి కింద కడిగింది. మలేషియా హాస్యనటుడొకరు 'అంకుల్ రోజర్' వేషంలో దాన్ని ఎగతాళి చేస్తే లక్షలమంది చూసి నవ్వారు. అన్నం వార్చడమా అని ఆశ్చర్యపోయారు. తూర్పు ఆసియా వంటిళ్లలో నీళ్లు కొలిచి పోసి ఇగిరేదాకా ఉడికించడమే మర్యాద. వేలి కణుపుతో నీళ్లు కొలిచే అలవాటు వాళ్లకీ ఉంది, అత్తెసరు పెట్టే మన ఇళ్లలోనూ ఉంది. కానీ వార్చడం కూడా మన ఇళ్లలో పుట్టి పెరిగిన పద్ధతే. ఎసరు మరిగాక బియ్యం పోసి, మెతుకు పట్టి చూసి, చిబ్బి మూసి గంజి వంపే దృశ్యం మన తాతమ్మల కాలం నుంచి ఉంది.

ఆ గంజి ఏమయ్యేదో గుర్తు చేసుకుంటే వార్చడంలోని లెక్క తెలుస్తుంది. వేడి గంజిలో ఉప్పు వేసి పిల్లలకి, జ్వరం పడి లేచినవాళ్లకి తాగించేవారు. నూలు చీరలకి, పంచెలకి గంజి పెట్టేవారు. మిగిలింది కుడితిలో కలిసి గేదెలకి వెళ్లేది. బియ్యంలోంచి నీళ్లలోకి పోయిన పిండి, బి విటమిన్లు ఎలాగో ఒకలా ఇంట్లోనే ఉండేవి. గేదె లేని, గంజి చీరలు లేని అపార్ట్‌మెంట్‌లో కుక్కర్ రావడం, అత్తెసరు నిలవడం సహజమే. అక్కడ గంజి వార్చి సింకులో పోస్తే అది నష్టం. పల్లెలో వార్చిన అమ్మమ్మదీ తప్పు కాదు, పట్నంలో కుక్కర్ పెట్టిన మనవరాలిదీ తప్పు కాదు. అయితే కుళాయి కింద కడిగిన తడి అన్నం మాత్రం వేపడానికి పనికిరాదు, అది ఏ దేశపు మూకుడైనా సరే. పద్ధతిని వెక్కిరించేముందు ఆ ఇంటి అవసరమేమిటో అడగాలని, పద్ధతిని పాటించేముందు ఆ అవసరం మన ఇంట్లో ఇంకా ఉందో లేదో చూసుకోవాలని నాకనిపిస్తుంది.

పద్ధతి మీద పంతం పెరిగి కారణం వెనకపడితే ఏమవుతుందో చైనాలోని యాంగ్జౌ నగరం చూపించింది. ఆ ఊరి ఫ్రైడ్ రైస్ ప్రపంచమంతటా పేరున్నది. 2015లో అక్కడి అధికారులు అసలైన యాంగ్జౌ ఫ్రైడ్ రైస్‌లో ఏమేమి ఉండాలో ప్రమాణాలు రాసి ప్రకటించారు. అదే ఏడాది గిన్నిస్ రికార్డు కోసం వందలమంది వంటవాళ్లు కలిసి 4 టన్నులకు పైగా ఫ్రైడ్ రైస్ వేపారు. అందులో కొంత పందుల మేతకి వెళ్లిందని బయటపడింది. మనుషులు తినడానికి వండినది వృథా చెయ్యకూడదన్న నియమం ప్రకారం గిన్నిస్ ఆ రికార్డుని ఒప్పుకోలేదు. మిగిలినది పారెయ్యకుండా కాపాడుకోవడానికి అక్కరకొచ్చే వంట వృథా అయిన కారణంగా రికార్డు పోగొట్టుకుంది. ఆ వార్త చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

మన ఇళ్లలో జరిగేది కూడా చిన్న ఎత్తున అలాంటిదే. ఆదివారం పిల్లలు ఫ్రైడ్ రైస్ అడుగుతారు. దానికోసం బాస్మతి నానబెట్టి, ప్రత్యేకంగా వండి, పరిచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి వేపుతాం. అదే ఫ్రిజ్‌లో, ఆ గిన్నె పక్కనే, శనివారం రాత్రి మిగిలిన అన్నం స్టీలు డబ్బాలో ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఒకరోజు గడిచాక పారేస్తాం. నిన్నటి అన్నం కోసం పుట్టిన వంట పండగ వంటయింది. నిన్నటి అన్నం చెత్తబుట్టకి పోతోంది. ఈ తలకిందుల వ్యవహారం నాకు మింగుడుపడదు.

మిగిలిన అన్నం అనగానే భయపడేవాళ్లున్నారు, ఆ భయంలో నిజముంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలుంటాయి. అవి ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ బయట ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, విషం చేస్తాయి. ఆ విషం మళ్లీ వేపినా పోదు. 1970ల్లో బ్రిటన్‌లో చైనా హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు వాంతులతో జబ్బుపడ్డప్పుడు ఈ సంగతి బాగా వెలుగులోకొచ్చింది. కాబట్టి జాగ్రత్త వండేటప్పుడు కాదు, తిన్నాక మొదలవ్వాలి. భోజనాలవగానే మిగిలిన అన్నాన్ని లోతు గిన్నెలోంచి తీసి పలచగా పరిచి, గంట రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేసి, మర్నాడే వాడెయ్యాలి. జిగురొచ్చినా వాసన మారినా ఆలోచించకుండా తీసెయ్యాలి. వాసన రాకపోయినా రాత్రంతా ఎండాకాలపు ఉక్కలో బయట ఉన్నది వాడకూడదు. పాతకాలంలో రాత్రి అన్నంలో నీళ్లో మజ్జిగో పోసేవారు. పొద్దునకి అది పులిసి చద్దన్నం అయ్యేది, ఆ పులుపు చాలా సూక్ష్మజీవులకి గిట్టదు. దాన్ని ఉల్లిపాయతో, పచ్చిమిరపకాయతో తినేవారు, పోపు పెట్టేవారు కాదు. ఏ అన్నం నీళ్లలోకి, ఏ అన్నం మూకుట్లోకి అన్న తేడా ఆ వంటిళ్లకి తెలుసు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట దగ్గరికొస్తాను. మిగిలిన అన్నం ఎవరి కంచంలోకి వెళ్తుంది? చాలా ఇళ్లలో దీనికి జవాబు ఒకటే. అందరికీ వేడి అన్నం వడ్డించి, నిన్నటిది అమ్మ పెట్టుకుంటుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడ్డుపడలేదు. పొలం పనికెళ్లే కూలివాళ్ల కంచంలో చద్దన్నం ఉండేది, ఇంట్లో చివరగా తినే ఆడవాళ్ల కంచంలో చద్దన్నం ఉండేది. వేడి అన్నం హోదా, చల్లటి అన్నం సర్దుబాటు. మిగిలిన అన్నానికి మన సమాజంలో చిన్నచూపు రావడానికి దాన్ని తినేవాళ్ల మీదున్న చిన్నచూపు కూడా కారణమే.

పోపన్నం ఆ వరసని మార్చింది. అమ్మ ఒక్కతే మజ్జిగ పోసుకుని తినాల్సిన అన్నానికి పోపు పడేసరికి అది ఇంటిల్లిపాదీ తినే టిఫినయింది. నాన్న అడిగి రెండోసారి వేయించుకుంటాడు, పిల్లలు డబ్బాల్లో పెట్టించుకుని బడికి పట్టుకెళ్తారు. మిగులు తాలూకు భారం ఒక్కరి కంచం మీద పడకుండా నలుగురికీ పంచిన వంట అది. చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు ఇంత పని చేశాయి. పాకశాస్త్రంలో దీనికి ఎక్కడ చోటిస్తారో గానీ, ఇంటి న్యాయంలో దీనికి పెద్దపీట వెయ్యాలి. ఆదివారం బాస్మతి ఫ్రైడ్ రైస్ అందరూ తిన్నాక, స్టీలు డబ్బాలోని అన్నాన్ని అమ్మ సోమవారం మధ్యాహ్నం ఒంటరిగా తింటే ఆ న్యాయం మళ్లీ తప్పిపోయినట్టే.

దూరదేశాల్లో చదువుకోవడానికెళ్లిన మన పిల్లలు దీన్ని మళ్లీ నేర్చుకుంటున్నారు. 1955లో జపాన్‌లో తోషిబా అమ్మకానికి పెట్టిన కరెంటు రైస్ కుక్కర్ వంశానిదే ఏదో ఒకటి వాళ్ల గదిలో ఉంటుంది. రాత్రి నలుగురికి వండితే ముగ్గురే తింటారు, పొద్దునకి మిగులుతుంది. అక్కడి కరెంటు పొయ్యి మీద మంటే ఉండదు, పొగొస్తే గోడకున్న అలారం మోగుతుంది. అలాంటిచోట హోటల్ తరహా వేపుడు సాగదు. చిన్న వేడి మీద ఆవాలు, కరివేపాకు, పసుపు వేసి కలుపుకునే పోపన్నం మాత్రం చక్కగా సాగుతుంది. గుడ్డుంటే గుడ్డు, లేకపోతే ఫ్రిజ్‌లో ఉన్న బఠానీలు. ఊరు దాటినా, పొయ్యి మారినా ఆ పద్ధతి ఇమిడిపోయింది.

అందుకే ఫ్రైడ్ రైస్ తగువులో నా మాట ఇది. సోయా సాస్ వేస్తారో ఆవాలు వేస్తారో మీ ఇష్టం. గుడ్డు ఎప్పుడు కొట్టాలో, వెల్లుల్లి ఎలా తరగాలో మీ చేతివాటం. అన్నం మాత్రం మిగిలినదే తీసుకోండి, జాగ్రత్తగా దాచినదే తీసుకోండి, వండినది ఇంట్లో అందరి కంచాల్లోనూ వడ్డించండి. ఇంకొకటి కూడా చేస్తే బాగుంటుంది. పదేళ్లు దాటిన పిల్లలకి, ముఖ్యంగా మగపిల్లలకి, మొదట నేర్పే వంట ఇదే కావాలి. పావుగంట పని. అన్నం విడదీస్తే ఓపిక వస్తుంది, పోపు వేస్తే వరస తెలుస్తుంది, మంట తగ్గించడం పెంచడం చేతికి అలవాటవుతుంది. అన్నిటికీ మించి, రాత్రి గిన్నెలో ఎంత మిగిలిందో చూడటం, దాన్ని సమయానికి ఫ్రిజ్‌లో పెట్టడం, పొద్దున దానితో నలుగురి ఆకలి తీర్చడం వాళ్ల పని కూడా అవుతుంది. మిగిలినదానికి ఇంట్లో అందరూ బాధ్యులే, అమ్మ ఒక్కతే కాదన్న సంగతి వాళ్లకి ఆ మూకుడు దగ్గరే తెలియాలి.